కుర్చీ లేని వంకర

ఏంటమ్మాయ్, దారి చూసి నవ్వుతున్నావ్? చెట్టు లేదు, గుట్ట లేదు, ఇక్కడికొచ్చేసరికి ఎందుకింత వంకర తిరిగిందనేగా? కూర్చో, నీ రైలుబండికింకా టైముంది. ఇదంతా టైపిస్టమ్మ చలవ. ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో, పాపం... పాపమేంలే, ఉన్నన్నాళ్ళూ మమ్మల్నందర్నీ పరిగెత్తించింది.

అప్పటికి ఈ ఊరు కాయితం మీంచి కొత్తగా దిగింది. వీధులకి పేర్లు లేవు, అంకెలే. ఇళ్ళన్నీ ఒకే అచ్చు. ఒకాయన ఆఫీసు నుంచొచ్చి పక్కవీధిలో అదే నంబరింట్లో దూరి, చెప్పులిప్పి, మంచినీళ్ళడిగాట్ట. ఆ ఇంటావిడ ఇచ్చిందట కూడా! ఏం చెప్తున్నా? ఆ, పచ్చిక. ప్లాను గీసిన పెద్దింజనీరు ఇళ్ళకీ స్టేషనుకీ మధ్య ఇంత గుండ్రటి పచ్చిక పెట్టి, అందర్నీ చుట్టూ తిరిగి పొమ్మన్నాడు. చుట్టూ తొమ్మిది నిమిషాలు, అడ్డంగా ఆరు. ఎవరూ తొక్కకుండా కాపలా నేను. నట్టనడుమ కుర్చీ, నోట్లో ఈల.

టైపిస్టమ్మది ఏడూ పది బండి. అప్పటికే ఆఫీసులో రెండు ఆలస్యాలు పడ్డాయి, మూడోది పడితే ఇంటికే అన్నారు. ఇంట్లో మంచాన పడ్డ మొగుడు, ఇద్దరు పిల్లలు. ఓ పొద్దున గడ్డిలోకి దిగి దూసుకొచ్చేసింది. ఈల వేశా, ఆగలేదు. చేతులు చాపి అడ్డం నిలబడ్డా.

"తమ్ముడూ, ఆయన కంపాసుతో గీశాడు, నేను కాళ్ళతో నడవాలి. నీ ఈల నువ్వు వేసుకో, నా బండి నేనెక్కుతా" అని నా కుర్చీ చుట్టూ తిరిగి చక్కా పోయింది.

మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఆవిడ వెనక గుమాస్తాలు, నర్సులు, సంచులు, గొడుగులు! నేను ఈల వేస్తుంటే దానికి అడుగులు కలిపేవాళ్ళు, సిగ్గు లేకుండా.

పెద్దింజనీరుకి తెలిసింది. కందగడ్డలాంటి మొహంతో వచ్చి, ఇక్కడ కంచె, అక్కడ కంచె అని చూపిస్తున్నాడు. ఇంతలో ఆయనెక్కాల్సిన బండి కూత పెట్టింది. పంట్లాం పైకి లాక్కుని గడ్డికడ్డంగా పరుగో పరుగు. ముందు టైపిస్టమ్మ, వెనక ఆయన. ఆయన కూడా నా కుర్చీ చుట్టూ తిరిగే వెళ్ళాడు. నేనా? ఈల వేశా. ఉద్యోగం కదా.

కంచె మాట మళ్ళీ వినపడలేదు. నెలకి ఇటుకలొచ్చాయి. కుర్చీ తియ్యమంటారా అనడిగితే, తొక్కినచోటే పరవమన్నారు, నువ్వు కదలకు అన్నాడు మేస్త్రీ. ఆవిడకి మూడో ఆలస్యం పడనేలేదు, రిటైరయ్యేదాకా. కుర్చీ ఎప్పుడో విరిగిపోయింది. నిన్న చూసుకున్నా, నేనూ ఆ ఖాళీ చుట్టూ తిరిగే నడుస్తున్నా. ఆవిడ ముందెళ్తున్నట్టే...

అదుగో, సిగ్నలిచ్చారు. గొడుగు మర్చిపోకు.