ఆపకుండా తీయాల్సిన వీడియో

అమ్మకానికి పెట్టిన ఫ్లాట్‌లో బ్రోకర్ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. పక్షవాతంతో మాట పడిపోయిన భర్త చక్రాల కుర్చీని ఇంటావిడ పట్టుకుంది.

"ఆయన కనబడకూడదమ్మా. జబ్బుమనిషి ఉన్న ఇల్లంటే బేరాలు రావు."

"ఫొటోలప్పుడు ఈ గదిలోంచి ఆ గదిలోకి తిప్పానుగా బాబూ."

"వీడియో అలా కుదరదు. గుమ్మం నుంచి బాల్కనీ దాకా ఆపకుండా తీయాలి. ఆపితే ఏదో దాస్తున్నామనుకుంటారు."

"మరి ఈయన్నెక్కడ పెట్టను?"

"కాసేపు మెట్ల దగ్గర..."

"ఆయన కొన్న ఇంట్లోంచి ఆయన్నే బయట పెట్టమంటావా?"

"పోనీ, నా వెనకే తోసుకురండి. వెనకున్నది ఫోన్‌లో పడదు. మెల్లగా రండి. ఇది హాలు... వంటిల్లు... పడగ్గది... బాల్కనీ. అయిపోయింది! చూడండి, ఇల్లు ఎంత విశాలంగా వచ్చిందో! అరె, వీడియోలో ఈ మూలుగేంటి?"

"ఈయనే. ప్రతి గదిలోనూ ఏదో చెప్పబోయారు."

"ఇల్లు అమ్మొద్దనా?"

"ఏమో నాయనా. ఆర్నెల్లుగా ఈయనేం చెబుతున్నారో అర్థంకాకే చస్తున్నాను. అడిగితే తలూపుతారు. అది అవుననో కాదనో దేవుడికే తెలియాలి. ఇప్పుడు వీడియో మళ్ళీ తీయాలా?"

"అక్కర్లేదమ్మా. ఆ సౌండ్ తీసేసి ఏదైనా పాట పెట్టేస్తాను."