లేసియేలి గారు మళ్లీ చింపిన చాప

2001 జూలై 2వ తేదీ, సోమవారం ఉదయం, మన దీవుల రాజధాని నుకుఅలోఫాలోని మన స్టూడియోలో ఫోటోలు కడిగే పనిలో శ్రీమతి లేసియేలి మాఫిలెఓ గారు చేరారు. మూడేళ్లకే స్టూడియో కంప్యూటర్లకు మారింది. ఫిల్మ్ కడిగిన చేతులే మౌస్ పట్టుకున్నాయి. ఈ ఊళ్లో ఏ ఇంటి గోడ మీది ముఖమైనా ఆవిడ తెర మీద కాసేపు ఆగి వెళ్లిందే.

అటువంటి ఆవిడ చేతిలో ఒక ఫోటో పూర్తిగా పాడైందని, ఈ వీడ్కోలు సంచిక కోసం కబుర్లు సేకరిస్తుండగా యజమాని సోసాయియా గారు చెప్పగానే, ఆఫీసంతా నోరు తెరిచింది. ఆవిడేనా? నిజంగా మన ఆవిడేనా!

అది 2005. ఒక పెళ్లికూతురి తల్లి వచ్చి, "పిల్ల నడుముకు చుట్టిన పెళ్లి చాపకు పోగులు వేలాడుతుంటే కళ్లు మూసుకుని అచ్చేశారా?" అని అందరి ముందూ దులిపేసింది. లేసియేలి గారి ముఖం మాడిపోయింది. ఆ పోగులన్నీ తుడిచేశారు. అదే ఊపులో తరువాతి ఫోటోలోని పోగులూ తుడిచి, అసలుదాని మీదే సేవ్ చేసేశారు.

ఆ తరువాతి ఫోటో ఫెలేతి గారిది. మేనత్త పోయినప్పుడు తీయించుకున్నది. పోయినవాళ్ల కన్నా చిన్నవాళ్లు మైల తీరేదాకా చిరిగిన చాప చుట్టుకోవడం మన ఆచారం. మేనత్త ముందు మేనల్లుడు ఎప్పటికీ చిన్నవాడే గనుక, చంకల దాకా వచ్చే చిరుగుల చాప చుట్టుకున్నారాయన. అచ్చు చూడగానే కొయ్యబారిపోయారు.

"ఏమ్మా, ఎవరీ దొరగారు?"

"మీరే కదండీ..."

"నేనా? అత్త పోయిందో లేదో కొత్త చాప కట్టేశానా? శనివారం ఆక్లాండ్ నుంచి మావాళ్లంతా దిగుతున్నారు. గోడ మీద ఇది చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు! పాతది ఇచ్చెయ్యి."

"పాతది... లేదండీ."

ఏం చేశానో అప్పుడుగానీ లేసియేలి గారికి తెలిసిరాలేదు. మేనత్తకు ఆ మనిషి ఇచ్చిన మర్యాదను చేతులారా కత్తిరించేశారు. తల ఎత్తలేక కిందికి చూస్తే, ఎదురుగా అదే చాప! మైల ఇంకా తీరలేదు, ఫెలేతి గారు దాన్నే చుట్టుకుని వచ్చారు.

"కదలకండి! అలాగే పెరట్లోకి రండి."

"కదలకుండా ఎలా రావాలమ్మా?"

చాప అంచు చుట్టూ తిరిగి ఫోటోలు తీశారు. పోగు తరువాత పోగు పాత బొమ్మకు అతికారు. పక్కనే ముక్కాలిపీట మీద ఫెలేతి గారు తీర్పరిలా కూర్చున్నారు. "ఆ మూల ఇంకా నున్నగా ఉంది... ఎడమ పక్క ఇంకాస్త చింపు... ఏం, చేతులు రావడం లేదా?" ఆవిడ దిద్దారు, చూపించారు, మళ్లీ దిద్దారు. శుక్రవారం చీకటి పడే వేళకు ఆయన తెర దగ్గరకు వంగి చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అన్నారు: "ఆఁ. ఇప్పుడు అత్త ముందు నిలబడగలను."

2012లో ఫోటోల దిద్దుబాటు విభాగానికి అధిపతి అయ్యాక ఆవిడ, "ఇది ఉంచాలా, తీసెయ్యాలా?" అని ఫోటోలోని మనిషిని అడగనిదే ఒక్క మచ్చనైనా మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. ఎందుకో మాకు ఇన్నాళ్లకు తెలిసింది.

పదవీ విరమణ చేసి, భర్త మాకా గారితో వవఉ దీవిలో స్థిరపడనున్న లేసియేలి గారికి సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు కలగాలని మనసారా కోరుకుంటున్నాం. అయినా మేం వదలం. దిద్దిన ఫోటోలు పట్టుకుని పడవెక్కి వచ్చేస్తాం. నూరేళ్లూ ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇదేం పనర్రా, మళ్లీ చెయ్యండి" అని తిట్టాలి.