తాత ఫోను

బిష్కెక్‌లో, కొండల మీది గొర్రెల కాపరులకు మంచు హెచ్చరికలు పంపే ఆఫీసు. ఇద్దరు ప్రోగ్రామర్లు టీ ముందు కూర్చున్నారు. టీ చల్లారిపోయింది.

"అందరికీ మెసేజ్ వెళ్లిందని రికార్డులో ఉందిగా?"

"ఒక్కో మెసేజ్‌నీ ఒక్కో టాస్క్‌గా వదిలానక్కా. మొదలవగానే 'వెళ్లింది' అని రాసేస్తుంది. అవన్నీ పూర్తయ్యేదాకా ఆగమని చెప్పే అవెయిట్ పెట్టలేదు. ప్రోగ్రాం ముందే ముగిసిపోయింది. సగం మెసేజ్‌లు అసలు పోనేలేదు."

"ఆ ఒక్క మాట రాయడానికి చేతులు పడిపోయాయా?"

"ఆ కాపరుల్లో ఎసెన్‌కుల్ తాత ఫోన్ చేశాడు. మంచులో నలభై గొర్రెపిల్లలు చచ్చిపోయాయట."

"తిట్టాడా?"

"తిట్టినా బాగుండేది. 'మీరు పంపే ఉంటారు బాబూ, నా ఫోనే పాతది' అన్నాడు."

"నువ్వేమన్నావురా?"

"కొత్తది కొనుక్కో తాతా, అన్నాను."