ఒంటికన్ను దేవుడికిచ్చిన కళ్ళజోడు

ఆసుపత్రి ఎదురుగా ఉన్న టీకొట్టులో బడాయి బాబాయ్ నోరు తెరిచాడంటే గ్లాసులో టీ చల్లారాల్సిందే. రిటైరయ్యేదాకా మ్యూజియంలో దేవుళ్ళ గదికి కాపలా కాశాడు మరి. ఏ దేశం దేవుడి గుట్టయినా ఆయన దగ్గరే ఉంది. ఈమధ్య పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూలబడుతున్నాడు. ఎదురు ఆసుపత్రి మేడ మీద వార్డులో ఆయన భార్య ఉంది. డాక్టర్లు ఇంక చేసేదేం లేదన్నారని కొట్టు నడిపే ఆవిడకి తెలుసు. ఆయన నోట మాత్రం ఆ మాట రాలేదు.

"నక్కతల దేవుడున్నాడే, ఈజిప్టువాడు, ఓసారి ముక్కు మీద దుమ్ము దులుపుతుంటే తుమ్మాడు," అన్నాడు ఆవేళ.

"రాయి తుమ్మిందా?" అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

"జలుబు చేసిందా నాయనా అని అడిగా. అక్కడ కలిసింది మా ఇద్దరికీ. ఆయన పనేంటో తెలుసా? చచ్చినోళ్ళ గుండెని తక్కెట్లో ఓపక్క పెట్టి, అటుపక్క ఈక పెట్టి తూస్తాడు. గుండె బరువు తూగిందా, పక్కనే మొసలిమూతి రాక్షసి కూర్చునుంటుంది, గుటుక్కున మింగేస్తుంది. ఆ తక్కెడ ముల్లు తుప్పు పట్టిందని నా దగ్గర మొత్తుకున్నాడు. నూనె చుక్క వేసి సరిచేశా. ఆ తర్వాత ఒక్క గుండె బరువు తూగితే ఒట్టు! రాక్షసి పస్తు పడుకుంది."

"నీ గుండె తూశాడా బాబాయ్?" అందావిడ, టీ వడపోస్తూ.

"నాదా?" అని ఆగాడు. "నాది పెడితే తక్కెడ విరుగుతుందమ్మాయ్."

వెంటనే గొంతు పెంచాడు. "అది సరే, గ్రీకుల పిడుగుల దేవుడు అలిగి ఊరంతా కరెంటు తీసేస్తే దారికి తెచ్చిందెవరు? పరాయి ఆడాళ్ళ వెంటపడి, పెళ్ళాం చేత తిట్లు తిని, ఆ కోపం మా మీదా అని కడిగేశా. తప్పయిపోయిందని పిడుగు తీసి నా చేతిలో పెట్టాడు. నెల్లాళ్ళు మా ఇంట్లో దానిమీదే వంట! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచుదేశాల ఒంటికన్నాయన దగ్గరికెళ్ళా. తెలివినిచ్చే బావి నీళ్ళు ఒక్క గుక్క తాగడానికి కన్నే పీకిచ్చినవాడు. జరగబోయేదంతా ఆయనకి తెలుసు. ఒక సంగతి అడిగా. ఉన్న కన్ను మసకేసింది, ముందు కళ్ళజోడు తెమ్మన్నాడు. మా ఇంటిదాని కళ్ళజోడిచ్చేశా."

"ఏం చెప్పాడు?"

"పెట్టుకుని నా మొహం చూసి, తల తిప్పేసుకున్నాడు."

టీ మీద మీగడ కట్టింది. బాబాయ్ ముట్టలేదు.

"నేనూరుకుంటానా? పాతాళానికే దిగా. ఏడు గుమ్మాలు. గుమ్మానికొకటి విప్పించుకుంటారు. పూర్వం సుమేరు దేవత ఒకావిడ అక్కని చూద్దామని అలాగే దిగి, కిరీటం దగ్గర్నుంచి కట్టుబట్టల దాకా ఇచ్చేసుకుంది. నేనూ వాచీ, చెప్పులు, చొక్కా అన్నీ ఇచ్చా. ఆఖరి గుమ్మం దగ్గర నాకు నోరొక్కటే మిగిలింది. నా పెళ్ళాం జోలికి రావద్దు అన్నా పాతాళ రాణితో. ఆవిణ్ణి వదలాలంటే బదులు మనిషి కావాలంది. నేనున్నా, రాసుకో అన్నా. లేచి దణ్ణం పెట్టింది! నీ నోటికి చచ్చినోళ్ళంతా లేచి పారిపోతారు, నువ్వొద్దు బాబోయ్ అంది. ఒళ్ళు మండి, ఏడు తలుపులూ పీకి భుజానేసుకుని వచ్చేశా. ఇప్పుడు పాతాళానికి తలుపుల్లేవు. వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు."

పొద్దున్నే ఒకరిని శ్మశానంలో దింపొచ్చిన డ్రైవరు నవ్వలేదు.

అప్పుడే వార్డు ఆయమ్మ రోడ్డు దాటి వచ్చింది. "బాబాయ్, ఆవిడ కళ్ళజోడేది? చేర్చిన రోజు నీ చేతికే ఇచ్చాం. ఎవరి మొహమూ ఆనట్లేదట, మంచమంతా తడుముకుంటోంది. నువ్వేమో రోజూ వార్డు గాజు తలుపు దాకా వచ్చి వెనక్కి పోతావు."

"ఒంటికన్నాయనకి ఇచ్చేశానమ్మా..."

కొట్టావిడ వడపోత గుడ్డ పక్కన పడేసింది. "ఆయనకిచ్చింది నీ జేబులోకి ఎలా వచ్చింది బాబాయ్?"

చొక్కా జేబులోంచి సన్నటి ఆడవాళ్ళ కళ్ళజోడు పుల్ల పైకి కనబడుతోంది. బాబాయ్ దానిమీద చెయ్యేసి కప్పుకున్నాడు.

"ఏడు తలుపులు పీకి మోసుకొచ్చినవాడివి, ఆ ఒక్క గాజు తలుపు తొయ్యలేకపోయావా?" అంది కొట్టావిడ.

బాబాయ్ జేబు మీది చెయ్యి తియ్యకుండానే మేడ వైపు చూశాడు.

"గాజు వెనకున్నవి ముట్టుకోకూడదమ్మాయ్," అన్నాడు. "ఉద్యోగమంతా చెప్పిన మాట అదే. దూరంగా నిలబడండి, ముట్టుకోకండి. ఆ వైర్లూ, ట్యూబులూ చూస్తే నా చేతులు వాటంతటవే వెనక్కిపోతాయి. ముట్టుకుంటే ఏమన్నా అయితే?"

"అయ్యేది ఎలాగూ అవుతుంది. చూపానకుండా పోవడం దేనికి ఆవిడ? లే."

లేచాడు. ఆయమ్మ వెనకాలే రోడ్డెక్కాడు. సగం దాటేసరికి చేతులు రెండూ అలవాటుగా వెనక్కిపోయాయి.

"చేతులు!" అని అరిచింది కొట్టులోంచి ఆవిడ.

ఉలిక్కిపడి ముందుకి తెచ్చుకున్నాడు. రెండు చేతుల మధ్యా కళ్ళజోడు పట్టుకుని, గేటు లోపలికి వెళ్ళిపోయాడు.

"అక్కా, మరి పాతాళం కథ?" అన్నాడు డ్రైవరు.

"అయిపోయింది," అని చల్లారిన టీ పారబోసి, గ్లాసు కడిగి బోర్లించిందావిడ.