గోడ మీది వైరు

పొలం గట్టు తగాదా తర్వాత అన్నదమ్ములకు మాటల్లేవు. రెండిళ్ళ నడుమ ఒక గోడ, దాని మీదుగా ఒక ఇంటర్నెట్ వైరు మాత్రం మిగిలాయి. ఆ ఉదయం నెట్ ఆగిపోయేసరికి పెద్దాయన మనసు చంపుకుని గోడ దగ్గరికి వచ్చాడు. తమ్ముడు అప్పటికే అవతల నిలబడి ఉన్నాడు.

"ఏరా, నెట్ కోసేశావా?"

"నేనా? నువ్వే కోసేశావేమో అడుగుదామని వచ్చానన్నయ్యా."

"నీ కనెక్షన్ నేనెలా కోస్తానురా?"

"నాదేంటి? నీదే కదా!"

"నాకు తల తిరుగుతోందిరా. ఇంత గొడవైనా నువ్వు వైరు జోలికి రాలేదని, లోలోపల ఎంత పొంగిపోయానో."

"నేనూ అంతే. కోర్టుకెళ్ళమని ఊరంతా ఎగదోసినా అందుకే కదా వెళ్ళలేదు."

"నాదని నీకెవరు చెప్పారు?"

"మా ఆవిడ. నీకు?"

"మీ వదిన."

"వాళ్ళిద్దరికీ కూడా మాటల్లేవుగా?"

"లేవనే అనుకున్నాను."

అప్పుడే తమ్ముడి వంటింట్లోంచి ఇద్దరాడవాళ్ళ నవ్వు వినిపించింది. అందులో ఒకటి పెద్దాయన భార్యదే. ఆయన నోరెళ్ళబెట్టాడు.

"అయితే ఇవాళ నెట్ ఆపిందెవరు?"

"అదింకా అడగాలా అన్నయ్యా?"

"సరే, అది తెలిసింది. ఇంతకీ కనెక్షన్ ఎవరిదిరా? పద, వైరు పట్టుకుని వెళ్ళి తేల్చేద్దాం."

"వద్దన్నయ్యా. ఎవరిదో తేలిందంటే, ఈసారి గొడవైనప్పుడు కోసేది ఎవరో కూడా తేలిపోతుంది."

పెద్దాయన వైరు మీద వేసిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.