అద్దం తీసిన ఫోటో

“తాతా, ఈ ఆల్బంల మొదటి ఫోటోకు మొహం లేదేంది?”

గదా... గది మా నాయన బిడ్డా. ఆయనది ఉన్నదే ఒక్క ఫోటో. సంగారెడ్డి స్టూడియోల కుర్చీల కూసొని తీయించుకున్నడు. కాదు, తప్పు చెప్తున్న, కుర్చీ పక్కన నిలబడి. సూడు, కుర్చీ మీదేసిన చెయ్యి ఇంకా ఉన్నది. నా ఆరో ఏట్లనే పోయిండాయన.

మా ఊరు ఇంద్రేశంల ఉన్నన్నాళ్లు అది అద్దాల ఫ్రేముల గోడకుండె. డెబ్బైలల్ల పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీలు లేస్తుంటే, మా అన్నకు నౌకరి దొరికి కిరాయింటికొచ్చినం. ఇంటాయన కోస్తా దిక్కాయన, మర్యాదస్తుడే. కానీ కొత్త సున్నం, గోడకు మొల కొట్టొద్దన్నడు. అన్న పట్నం పోయి కొత్త ఆల్బం తెచ్చి, ఫ్రేములు విప్పి ఫోటోలన్ని అందుల అంటిచ్చిండు. ఇగ వీటికి ఢోకా లేదన్నడు. చరిత్ర పుస్తకాలు చదివేటోన్ని, కాగితం మీదున్నదే నిలుస్తదని నేను సుత నమ్మిన.

ఆ యేడు పెత్రమాస వచ్చింది. పెద్దలకు బియ్యమిచ్చే దినం, నీకెరుకే గదా. ఏటేటా అమ్మ కుంకుమ తడిపి నాయన నుదుట బొట్టు పెట్టేది. నిజానికి ఆ బొట్టు అద్దానికి పడేది. నాయనకే అని ఆమె అనుకునేది, మేమూ గట్లనే అనుకున్నం. ఆ దినం ఆల్బం పీట మీద పెట్టి, ఎప్పటి లెక్కనే పెట్టింది. ఎర్రగ పారింది. పరేషానై కొంగు తడిపి తుడిచింది. మొహం కొంగుకొచ్చింది.

అమ్మ ఆ కొంగునే చూసుకుంట, “మీ నాయన ముక్కు ఎట్లుండెరా?” అనడిగింది. కోటేరు ముక్కన్నడు అన్న. మా మేనత్త ఊకుంటదా? తమ ఇంట్ల అందరియి చప్పిడి ముక్కులే, నాయనకొక్కనికే కోటేరు ముక్కు యాడికెళ్లొచ్చిందని అన్నను ఎత్తిపొడిచింది. ఇద్దరి దిక్కు చూసి అమ్మ, తనకు యాదికొస్తలేదన్నది. అంత కాపురం చేసినామె.

నన్నడిగితే నేనేం చెప్పాలె? నా యాదిలున్నది మనిషి కాదు బిడ్డా, గా ఫోటోనే. మూలమే పోయినంక నా సాక్ష్యానికి విలువేంది?

మళ్ల యేడు పెత్రమాసకు కుంకుమ భరిణె నేనే తెచ్చిచ్చిన. అమ్మ ముట్టలే.

“నుదురేదిరా పెట్టెతందుకు?”

గంతే... పోయేదాక మళ్ల పెట్టలే. ఇగ చాలు, మూసెయ్యి. జెర మెల్లగ, నీ చేతులు సల్లగుండ. అంచులు రాలుతయి...