తొలి ఆడ మేకపిల్ల

మలావీలో చర్చివాళ్ల బడి పక్కనే వాళ్ల పొలం. అక్కడి కంచె దగ్గర, భార్య పోయిన రైతుతో పాస్టరు మాట్లాడుతున్నాడు.

“మేమిచ్చిన మేక ఈనిందటగా అన్నా. తొలి ఆడ మేకపిల్లను ఇంకో ఇంటికివ్వాలి. ఈసారి మన ఊరి చిసాలే వంతు.”

“నా భార్యను పూడ్చిన రోజు ఊరంతా వచ్చింది పాస్టరుగారూ. వాడొక్కడే రాలేదు.”

“మేక ఉంటేనే వాడు ఫీజు కట్టి కూతుర్ని మన బడికి పంపగలడు.”

“ఇవ్వనన్నానా? వాడే వచ్చి తోలుకుపోవాలి. ముందు ఆమె సమాధి మీద గడ్డి చెక్కాలి.”

“రాకపోతే?”

“మేక కోసమైనా వస్తాడు. సమాధి దగ్గర రెండు పారలు పెట్టొచ్చాను.”

“రెండోది ఎవరికి?”

“నాకే. వాడొక్కడే చెక్కితే పొద్దుగూకుతుంది. అంతసేపు వాడి మొహం చూడలేను.”